నూలుకు పోసిన నూనె

అమ్మ కడుపులో రాళ్ళున్నాయని దవాఖాన డాక్టరు చెప్పినప్పుడు బాపమ్మ నమ్మలేదు. బాపమ్మ అంటే మా బాపు తల్లి. వంటిల్లు ఆమెది. మగ్గం మీదికి పోయే నూలు కూడా సగం ఆమె చేతుల మీదుగానే పోయేది.

"బియ్యంల రాళ్ళు ఏరేది నేను. నా కండ్లు ఇంక పోలే" అన్నది, నేరం తన మీదికి వచ్చినట్టు.

డాక్టరు నవ్వలేదు. "తిన్న రాళ్ళు కావమ్మా. మేకను కోసినప్పుడు కార్జం పక్కన చేదుకట్టు ఉంటది చూడు, పలిగితే కూరంతా చేదైతదని పైలంగ తీస్తరు. మనిషికీ అసుంటి సంచే ఉంటది. అండ్ల చేదు గడ్డకట్టి రాళ్ళయినయి. నూనె, నెయ్యి కడుపుల పడ్డప్పుడల్లా ఆ సంచి పిండుకుంటది. రాయి పోయి దారికి అడ్డం పడతది. గదే నొప్పి."

ఆ నొప్పిని అప్పటికి మేము చాలాసార్లు చూశాం. కుడివైపు పక్కటెముకల కింద మొదలై, వీపులోకి పాకి, భుజం దాకా ఎక్కేది. అమ్మ అరిచే మనిషి కాదు. మగ్గం గుంట అంచు పట్టుకుని, నుదురు నేలకు ఆనించి, వాంతి అయ్యేదాకా అట్లాగే ఉండేది. ఆమె వంగి ఉన్న తీరు చూసి, తెలియనివాళ్ళు ఏదో పడిపోతే వెతుక్కుంటున్నదనుకునేవాళ్ళు.

పట్నంలో పెద్ద దవాఖానకు పోయి కోయించుకోవడం ఒక దారి అని డాక్టరు చెప్పాడు. మా వీధిలో ఒకామె అట్లాగే కడుపు కోయించుకోవడానికి బస్సెక్కి పోయింది. ఆమె కట్టుకుపోయిన చీర ఒక్కటే మడతలో తిరిగి వచ్చింది. అది మా బాపు నేసిన చీరే.

"కోతకు రాను. మందియ్యున్రి సాబ్. ఏది తినొద్దంటే అది తిన" అన్నది అమ్మ.

డాక్టరు బాపు వంక చూశాడు. బాపు అమ్మ వంక చూశాడు.

"సరే, చూద్దాం" అన్నాడు డాక్టరు చివరికి. "కొందరికి అట్లనే ఏండ్లు గడుస్తయి. కని ఒక మాట యాదిల పెట్టుకోండి. జ్వరం వచ్చి కండ్లు పచ్చబడ్డయంటే మందు కోసం నా దగ్గరికి రావద్దు. సీదా పట్నం పోవాలె. నొప్పి ఊకె ఊకె వచ్చినా అంతే. నా మందుకు గా రాయి లొంగలేదని లెక్క."

అవి యుద్ధం రోజులు. నూలు దొరకక మగ్గాలు ఎక్కువ కాలం ఖాళీగా ఉండేవి. పెట్రోలు లేక బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని నడిచేది. ఎత్తు వస్తే జనం దిగి నెట్టేవాళ్ళు. కడుపులో రాయి అడ్డం పడిన మనిషిని ఆ బస్సులో ఎట్లా తీసుకుపోతామని నేను ఎన్నోసార్లు ఊహించుకుని, మధ్యలోనే ఆపేసేదాన్ని. నాకు మిరుదొడ్డి సంబంధం ఖాయమై ఉంది. రెండు ఇండ్లూ నేతవాళ్ళవే కనుక నూలు వస్తేగాని చీరలు లేవు, చీరలు లేనిదే ముహూర్తం లేదు. అట్లా ఆగిపోయిన కాలంలో అమ్మ పథ్యం నా చేతికి వచ్చింది.

ఊళ్ళో ఒక చిన్న గదిలో గ్రంథాలయం ఉండేది. ఆడపిల్లలు అక్కడికి పోయే అలవాటు లేదు. బాపు నా కోసం పుస్తకాలు తెచ్చేవాడు, తానే చదవబోతున్నట్టు చంకలో పెట్టుకుని. ఒకసారి శరీరాన్ని గురించిన పాత పుస్తకం ఒకటి తెచ్చాడు. అందులో కార్జం బొమ్మ కింద ఆ సంచి లేత వంకాయ పిందెలా వేలాడుతూ ఉంది. అంత చిన్న వస్తువు ఒక మనిషిని నేలకు వంచుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. పుస్తకం మూసినా ఆ బొమ్మ కళ్ళ ముందు నుంచి పోలేదు. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే, నీళ్ళ బిందె ఎత్తుకుంటుంటే, ఆ పిందె ఎక్కడ వేలాడుతుందో నా కన్ను అక్కడికే పోయేది.

పథ్యం చెప్పడానికి తేలిక. నూనె లేదు, నెయ్యి లేదు, మీగడ లేదు, గుడ్డు లేదు, మాంసం లేదు, పల్లీలు, నువ్వులు, కొబ్బరి ఏవీ లేవు. అన్నం, జొన్న గటక, ఉడికించిన బీరకాయ, ఆనపకాయ, పోపు లేని పెసరపప్పు, వెన్న తీసి మళ్ళీ తీసిన మజ్జిగ. అమ్మకు వేరే కుండ, వేరే గరిటె, వేరే ఇత్తడి గిన్నె పెట్టాను. వాటిని బాపమ్మ వంట పాత్రలతో కలవనిచ్చేదాన్ని కాదు. ఆ గిన్నెలకు బూడిద కూడా అక్కర్లేదు, నీళ్ళు పోసి చేత్తో తిప్పితే చాలు, కొత్తవాటిలా వచ్చేవి.

మందులు రెండు. ఒకటి మనమే సీసా తీసుకుపోతే దవాఖానలో పోసి ఇచ్చే ఉప్పు మందు. ఎంత తాగాలో తెలియడానికి సీసాకు గాట్లు కోసిన కాగితం పట్టీ అతికించేవాళ్ళు. రెండోది చుక్కల మందు, నొప్పి మొదలవుతుందనిపిస్తే నీళ్ళలో వేసి తాగాలి. అది తాగితే అమ్మ నోరు పిడచగట్టుకుపోయి, కళ్ళు మసకబారేవి. నా ముఖం వైపే చూస్తూ "ఎవ్వలు?" అనేది.

పక్కింటి పెద్దమ్మకు మా పథ్యం వేడుకగా ఉండేది. గోడ మీది నుంచి తొంగిచూసి, "ఏందే చెల్లె, నూనె లేని కూర తినుకుంట నూనె లేని దీపం లెక్కైనవ్" అనేది.

"నీ ఇంట్ల వేగుతున్న వాసన పీలుస్తున్న గదక్కా, గది చాలదా" అనేది అమ్మ.

"పీలిస్తే నొప్పి రాదా మరి?"

"వస్తే నీ పేరు చెప్త డాక్టరుకు."

ఆమె నవ్వేది. అమ్మ కూడా నవ్వేది. కాని తాలింపు వాసన వస్తే అమ్మ ముక్కు ఒక్క క్షణం అటు తిరగడం నేను చూశాను. నూనె తగలని నాలుక ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆమెతో పాటు నేనూ మానేస్తానంటే, "పెండ్లి కావలసిన పిల్లవు, ఎండిపోకు" అని కసిరింది.

పొద్దున్నే ముఖం కడుక్కున్న అమ్మను వాకిట్లోకి పిలిచి, వెలుతురులో ఆమె కనురెప్ప కిందికి లాగి చూసేదాన్ని. తెల్లగా ఉందంటే ఆ రోజుకు గండం గడిచినట్టు. ఆమె కూడా ముఖం ఎత్తి నిలబడేది.

వానలు తగ్గి చలి మొదలయ్యేదాకా నొప్పి రాలేదు. అమ్మ ముఖంలో రక్తం కనిపించింది. అప్పుడే చాలా రోజుల తరువాత మాకు నూలు దొరికింది. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, గంజి పెట్టే రోజు వచ్చింది.

నేతవాళ్ళ ఇంట్లో అది పెద్ద పని. తెల్లవారగానే పడుగును వీధి పొడవునా చాచి కట్టి, పోగులకు గంజి పట్టించి, ఎండ ముదరకముందే పెద్ద కుంచెతో దువ్వాలి. గంజి కాచేది బాపమ్మ. మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. నూలుకు పెట్టే గంజిలో మొదటి గిన్నెడు ఇంటి ఇల్లాలు తాగాలి. మనిషి తాగి బాగుందన్నాకే పోగుకు పెట్టాలి. బాపమ్మ కోడలిగా ఉన్నప్పుడు ఆమె తాగింది, ఇప్పుడు అమ్మ. ఆ పూట కూడా బాపమ్మ పొయ్యి మీది గుండిగలోంచి గిన్నెడు వంచి ఇచ్చింది. అమ్మ వాకిట్లో నిలబడి తాగి, "బాగుంది అత్తమ్మా" అన్నది. తరువాత కుంచె పట్టుకుని వీధిలో అటూ ఇటూ నడిచింది.

మధ్యాహ్నానికి మగ్గం గుంట దగ్గర వంగి కూర్చుంది.

డాక్టరు అన్నీ అడిగాడు. నూనె? లేదు. నెయ్యి? లేదు. పాలు? లేవు. ఎవరింట్లోనైనా పిండివంట నోట్లో వేసుకున్నావా? లేదు. మరి పొద్దున ఏం తిన్నావు?

"గంజే సాబ్" అన్నది అమ్మ.

"గంజి మంచిదే. ఎక్కువ నడిచినవ్, గందుకే వచ్చింది. కుంచె పని బంద్ చెయ్యి."

బాపమ్మ మటుకు వేరే కారణం చెప్పింది. పడుగు చాచిన రోజు వీధంతా మన ఇంటి వైపే చూస్తుంది, నూలు లేని ఇండ్ల కండ్లన్నీ మన మీదే, దిష్టి కాక మరేమిటి అన్నది. రెండోసారి పడుగు చాచినప్పుడు అమ్మను వీధిలోకి రానివ్వలేదు. ఆమె కుంచె నేను పట్టాను. గుమ్మానికి నిమ్మకాయ కట్టారు. ఒంట్లో బలం లేదని, డాక్టరు మంచిదన్నాడని, బాపమ్మ గంజి ఈసారి పెద్ద గిన్నెలో ఇచ్చింది. ఆ సాయంత్రం వచ్చిన నొప్పి మరుసటి రోజు దాకా వదలలేదు.

మూడో పడుగుకు అమ్మను మంచం మీది నుంచి లేవనివ్వలేదు. గంజి మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చారు. ఆ రోజు నొప్పితో పాటు ఒళ్ళు కూడా వెచ్చబడింది. నేను వాకిలి తలుపు బార్లా తెరిచి, వెలుతురు పడేట్టు చేసి ఆమె కళ్ళు చూశాను. తెల్లగా ఉన్నాయో లేవో చెప్పలేకపోయాను. చూసినకొద్దీ తెలుపు ఎట్లా ఉంటుందో మరిచిపోయినట్టయింది.

బాపు దవాఖానకు పోయి వచ్చి గుమ్మంలోనే కూర్చున్నాడు. "ఇగ తన చేతిల లేదన్నడు. పథ్యం చేసినా ఆగుతలేదంటే ఆ రాయి పథ్యానికి ఆగేది కాదట. చిట్టీ రాసిచ్చిండు. ఎల్లుండి బస్సు ఉన్నదట."

"కోతకా?" అన్నది బాపమ్మ.

"ఆ."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. బాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయింది. వీధిలో పని ఆలస్యమైన పడుగు మీద మావాళ్ళెవరో కుంచె లాగుతున్న చప్పుడు గరగరమని వినిపిస్తూనే ఉంది. గంజి పెట్టిన పడుగును ఎవరికి ఏమైనా సరే మధ్యలో వదిలిపెట్టరు.

అమ్మ గిన్నెలు కడగడానికి నేను గచ్చు దగ్గర కూర్చున్నాను. ఎప్పటిలాగే నీళ్ళు పోసి తిప్పాను. గంజి తాగిన గిన్నెలో నీళ్ళు పరుచుకోలేదు. చుక్కలు చుక్కలుగా ముద్దలు కట్టి, గిన్నె పొడవునా జారి కింద పడ్డాయి. వేలితో రాశాను. జారింది. మళ్ళీ నీళ్ళు పోశాను. మళ్ళీ చుక్కలే. ఇన్ని నెలలుగా ఏ మూల ఏ పాత్ర నుంచి జిడ్డు అంటుతుందోనని నేను దాచుకున్న గిన్నె అది.

గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయాను. నేను బాపమ్మతో ఎదురు మాట్లాడిన మనిషిని కాదు. గిన్నె ఆమె ముందు పెట్టాను.

"బాపమ్మా, ఇది జిడ్డుగున్నది."

"గంజి గిన్నె గదనే."

"గంజికి జిడ్డు ఎక్కడిది?"

బాపమ్మ విసుగ్గా నా వైపు చూసింది. "నూనె పొయ్యకుంటే పోగులు ఒకదానికొకటి అంటుకోవా? కుంచె నడుస్తదా? నేతోని బిడ్డవు, గదికూడ తెల్వదా? గుండిగకు గరిటెడు పోస్త. ఎప్పుడూ పోసేదే..."

అక్కడ ఆగింది. గిన్నెలోకి చూసింది. ఆమె ముఖం మారడం నేను చూడలేక నేల వైపు చూశాను. ఆమె గొంతు వేరేగా వినిపించింది. "గది నూలుకు పోసిన నూనె గదా. మనిషికి పోసింది కాదు గదా."

మా ఇంట్లో నూలు నూనె వేరు, వంట నూనె వేరు. రెండు బుడ్లు, రెండు చోట్లు. వంట నూనె బుడ్డిని అమ్మ కంటపడకుండా నేనే అటక మీద దాచాను. నూలు నూనె బుడ్డి పడుగు సామానుతో పాటు మగ్గం పక్కనే ఉండేది. అదీ నూనే అన్న ఆలోచన మా నలుగురిలో ఎవరికీ రాలేదనుకున్నాను. రెండూ ఒకే గానుగలో ఆడించిన నువ్వుల నూనెలే.

బాపుకు చెప్పాను. బాపు లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, "అడుగు, మీ అమ్మను అడుగు" అన్నాడు.

అమ్మ మంచం పక్కన కూర్చుని, గంజిలో నూనె పోస్తారట, నీకు తెలియలేదా అని అడిగాను. ఆమె ఇటు తిరిగింది.

"రుచి తగిలేది బిడ్డా" అన్నది. "నాలుక మీద ఇంత కమ్మగ తగిలేది. గంజి నూలు కోసం కాస్తరు, పోసింది నూలుకు పోసిన్రు, నా కోసం పొయ్యలే, ఇంక నాకేం తప్పు అనుకున్న. పడుగు ఎప్పుడు చాస్తరా అని చూస్తుంటి. నూలు రావాలని ఎందుకు మొక్కిన్నో ఇప్పుడు చెప్తే మీ బాపు తిడతడు."

బాపు తిట్టలేదు. వీధిలోకి పోయి, పడుగు దువ్వుతున్నవాళ్ళ దగ్గర ఊరికే నిలబడ్డాడు.

బస్సెక్కే లోపలే బాపు మళ్ళీ దవాఖానకు పోయి ఈ సంగతి చెప్పాడట. డాక్టరు కలం కింద పెట్టి, "ఇన్నేండ్ల సంది పథ్యం చెప్తున్న. నువ్వేం తింటవని అడుగుత. నీ నూలు ఏం తింటదని ఎవన్నీ అడగలే" అన్నాడట. వేడి తగ్గితే పట్నం పోవడం ఆపి చూద్దాం, తగ్గకపోతే చిట్టీ మీ దగ్గర ఉండనే ఉంది అన్నాడట. మరుసటి రోజుకు అమ్మ ఒళ్ళు చల్లబడింది. తరువాతి పొద్దున నేను తెలుపును మళ్ళీ గుర్తుపట్టగలిగాను. బస్సు మేము లేకుండానే పోయింది.

నాలుగో పడుగు నాటికి ఆ పట్టింపు ఎట్లా అన్న ప్రశ్న వచ్చింది. మానేయడానికి బాపమ్మకు చేతులు రాలేదు. అమ్మకు నూనె వేయకముందే విడిగా వంచి ఇద్దామంటే, అది నూలు గంజి కాదు, ఉత్త గంజి అన్నది. చివరికి గిన్నె నాకు ఇచ్చింది. నేను వాకిట్లో నిలబడి తాగాను. పెదవులకు నూనె అంటింది. మంచం మీది నుంచి అమ్మ నా నోటి వైపే చూస్తోంది. నేను పెదవులు తుడుచుకోవాలో, అట్లాగే ఉంచుకోవాలో తెలియక కొంగు పట్టుకుని నిలబడ్డాను. "బాగుందా?" అని అమ్మే అడిగింది. బాగుందన్నాను.

ఆ రోజు నొప్పి రాలేదు. ఆ తరువాతి పడుగుకూ రాలేదు.

బాపమ్మ గెలిచినట్టే మాట్లాడడం మొదలుపెట్టింది, రాయి కరిగిందని. ఒకరోజు డాక్టరు అమ్మ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి ఊపిరి తీసుకోమన్నాడు. సగంలోనే ఊపిరి ఆగి అమ్మ నుదురు ముడతలు పడింది.

"ఎక్కడికీ పోలే" అన్నాడాయన చెయ్యి తీసి. "పండుకున్నది. లేపకున్రి. కని లేపకుంటే లెవ్వదని మాత్రం నేను చెప్పలేను. ఒక్కొక్కప్పుడు దానంతట అదే లేస్తది. గప్పుడు చుక్కల మందు కూడ పని చెయ్యది." ఇంకో మాట చెప్పాడు. తనకు బదిలీ అయింది. కొత్తాయన ఎప్పుడు వస్తాడో తెలియదు. అందాకా దవాఖానలో సీసాలు నింపే కాంపౌండరు ఒక్కడే ఉంటాడు.

ఆయన పోయాడు. కొత్తాయన రాలేదు. ఈలోగా మిరుదొడ్డి వాళ్ళకు నూలు దొరికింది, మా పెండ్లి చీరలు మగ్గం మీదికి ఎక్కాయి. ఒక పూట బాపు లోపల వాటినే నేస్తున్నాడు. నేను అమ్మకు బీరకాయ ముక్కలు ఉడికించి, ఉప్పు సరిచూసి, గిన్నె ఆమె ముందు పెట్టాను. ఆమె తినలేదు.

"ఇగ నువ్వు పోతవ్" అన్నది.

"మిరుదొడ్డి ఎంత దూరం అమ్మా."

"గది గాదు. ఇను. నాకు కండ్లు పచ్చగైతే నీకు కబురు పెట్టిస్త. నువ్వు రావాలె. వచ్చినంక నేను కోత వద్దంట. గప్పుడు నాకు భయమైతది, వద్దనే అంట. అత్తమ్మ ఎట్లనూ వద్దంటది. మీ బాపు నా మొకం చూసి ఊకుంటడు, ఆయనకు నన్ను కాదనుడు రాదు. నువ్వు నా మాట ఇనకు. బస్సు లేకుంటే బండి కట్టించు. పట్నం తీసుకపో."

పట్నం దవాఖాన లోపలి భాగం నేను ఎన్నడూ చూడలేదు. చూడబోతున్న అత్తగారింటిని కూడా అంత భయంగా ఊహించుకోలేదు. చచ్చినా కోతకు పోనన్న మనిషి నాకు ఈ పని చెబుతోంది. నాకు కాక మరెవరికీ చెప్పలేదని అర్థమైంది.

"సరే" అన్నాను.

"ఏమన్నవ్?"

"తీసుకపోత."

"నాకే ఇనబడుతలేదు. నలుగురు పెద్దోళ్ళ నడుమ నిలబడి చెప్పేటప్పుడు ఎవ్వలకు ఇనబడతది? గట్టిగ అను."

నేను ఊపిరి తీసుకుని గట్టిగా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది.